ఫోన్ చవకే, చెరువు గట్టు మీద మోగుతుందా?

ప్రశ్న: అన్నయ్యా, మాది మొగల్తూరు దగ్గర ఒక పల్లె. రెండున్నర ఎకరాల చెరువు లీజుకి తీసుకుని వెనామీ రొయ్యలు వేస్తున్నానండి. రాత్రుళ్లు ఎక్కువగా చెరువు దగ్గర షెడ్డులోనే పడుకుంటాను. మొన్న నా ఫోన్ నీళ్లలో పడి పోయింది. నరసాపురంలో షాపుకి వెళితే ఒక నెట్‌వర్క్ కంపెనీ, ఒక ఫోన్ కంపెనీ కలిసి ఇస్తున్న ఆఫర్ చూపించారు. మామూలుగా 9,800 అయ్యే ఫోన్ 8,000కే ఇస్తారంట. కాకపోతే 18 నెలలు ఆ కంపెనీ సిమ్మే వేయాలి, రీచార్జి తప్పకూడదు. ఆ నెట్‌వర్క్ ఇంటి దగ్గర బాగానే ఉంటుంది, చెరువు దగ్గర మాత్రం ఒక గీత వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అమెరికాలో ఉన్న మా బావ సంక్రాంతికి వస్తూ తన ఐఫోన్ ఇస్తానంటున్నారు, అదీ అక్కడి కంపెనీ లాక్‌లో ఉందంట, వేరే సిమ్ పడదంట. మా అమ్మాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతోంది, దానికి 5జీ ఫోన్ కావాలి. అసలు ఫోన్ చేసేవాళ్లకీ సిమ్ అమ్మేవాళ్లకీ మధ్య ఈ ఒప్పందాలేంటి? మనకి లాభమా, నష్టమా? ఏది తీసుకోమంటారు?

తమ్ముడూ,

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ఆ 8,000 ఫోన్ తీసుకోవద్దు. మీరు టౌన్లో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఇంటికొచ్చే మనిషి అయితే తీసుకోమనేవాణ్ణేమో. మీది రొయ్యల చెరువు. రాత్రి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ ఎంతకి పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి వేళ లైన్‌మన్‌కో, జనరేటర్ మెకానిక్‌కో, ఊళ్లో తమ్ముడికో ఒక్క కాల్ వెళ్లాలి. అది వెళ్లనప్పుడు ఫోన్ ఎంత తక్కువకి కొన్నామన్నది ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఆ 1,800 సంగతి చూడండి. 18 నెలల మీద పంచితే నెలకి వంద రూపాయలు. ఆ వంద మీ మీద ప్రేమతో ఎవరూ ఇవ్వడం లేదు, ఏడాదిన్నర పాటు మీరు ఇంకో కంపెనీ వైపు చూడకుండా ఉన్నందుకు ఇస్తున్న కూలి అది. పైగా రీచార్జి లెక్కలో చాలా ప్లాన్లకి నెలంటే 28 రోజులే కాబట్టి 18 నెలల్లో మీరు చేసేది 18 రీచార్జీలు కాదు, దగ్గర దగ్గర 20. మధ్యలో ఒకటి తప్పితే ఏమవుతుంది, రేటు పెరిగితే ఏమవుతుంది అని షాపులో అడిగారా? 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ ఒకేసారి రేట్లు పెంచినప్పుడు మన వైపు చాలామంది బీఎస్ఎన్ఎల్‌కి నంబరు మారకుండా పోర్ట్ పెట్టుకున్నారు. కొందరు సిగ్నల్ చాలక వెనక్కి వచ్చారు, అది వేరే విషయం. వెళ్లడానికీ, రావడానికీ వాళ్లకి దారి ఉంది. లాక్ ఫోన్ ఉన్నవాడికి ఆ దారే లేదు.

ఈ ఒప్పందాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగారు. నేను రాజోలులో చాలా ఏళ్లు మొబైల్ షాపు నడిపాను, ఇది నా కళ్ల ముందే జరిగిన కథ కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో చాలాకాలం ఫోన్ తయారు చేసే కంపెనీ నేరుగా జనానికి అమ్మింది చాలా తక్కువ. ఏటీ అండ్ టీ, వెరిజాన్ లాంటి నెట్‌వర్క్ కంపెనీలు హోల్‌సేల్‌గా కొని, రెండేళ్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టించుకుని జనానికి తక్కువ ధరకి ఇచ్చేవి. అంటే మోటరోలా అయినా, నోకియా అయినా వాళ్లకి డబ్బు కట్టే ఆసామి నెట్‌వర్క్ కంపెనీయే, ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగే మనిషి కాదు. కాబట్టి ఫోన్ మీద ఎవరి పేరుండాలి, లోపల ఏముండాలి, ఏది తీసేయాలి అన్నీ ఆ కంపెనీ చెప్పినట్టే జరిగేవి. 2007లో యాపిల్ ఐఫోన్ తెచ్చినప్పుడు ఆ పెత్తనానికి ఒప్పుకోలేదు. ఫోన్ ఎలా ఉండాలో మేమే చెబుతాం, దాని మీద మీ ముద్ర ఉండదు అంది. ఏటీ అండ్ టీ సరేనంది, కానీ ఊరికే కాదు, అమెరికాలో ఆ ఫోన్ తమ నెట్‌వర్క్ మీద తప్ప ఇంకెక్కడా అమ్మకూడదన్న బేరం మీద. 2011 ఫిబ్రవరిలో వెరిజాన్‌కి వచ్చేదాకా, మూడున్నరేళ్లకి పైగా అది అలాగే నడిచింది.

ఆ మూడున్నరేళ్లలో న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి పెద్ద ఊళ్లలో జనం ఏమని మొత్తుకున్నారో తెలుసా? ఫోన్ బ్రహ్మాండంగా ఉంది, కాల్ మాత్రం మధ్యలో తెగిపోతోంది అని. అన్ని ఐఫోన్లూ ఒకే నెట్‌వర్క్ మీద పడి డేటా లాగేస్తుంటే టవర్లు తట్టుకోలేకపోయాయి. వేరే నెట్‌వర్క్‌కి వెళ్లిపోదామంటే ఫోన్ లాక్. మీ చెరువు గట్టు మీద మీకొచ్చిన బాధే ఆ మహానగరాల్లో వాళ్లకీ వచ్చింది తమ్ముడూ. ఇంకోపక్క వెరిజాన్‌కి ఐఫోన్ లేదు కదా, అది ఊరుకోలేదు. మోటరోలానీ, గూగుల్‌నీ వెంటబెట్టుకుని 2009 నవంబర్లో డ్రాయిడ్ అనే ఫోన్ దింపి విపరీతంగా ప్రచారం చేసింది. మన చేతుల్లో ఇవాళ ఉన్న ఆండ్రాయిడ్‌కి ఆ దేశంలో మొదటి పెద్ద ఊపు అక్కడే దొరికింది. ఒక తలుపు మూస్తే పోటీదారుడు ఇంకో తలుపు తెరుచుకున్నాడు, కానీ మధ్యలో నలిగింది మాత్రం ఫోన్ కొన్న మనిషి.

మన దేశంలో కథ వేరుగా నడిచింది, ఎందుకో మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో మన దగ్గరా తాళాలు వేసే ప్రయత్నం జరిగింది. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కట్టండి, ఫోన్ పట్టుకెళ్లండి అన్నప్పుడు అమలాపురం నుంచి అంతర్వేది దాకా కొబ్బరి దింపు కార్మికుడి చేతిలో కూడా ఫోన్ కనిపించింది, అది చిన్న విషయం కాదు, అప్పటిదాకా సెల్ ఫోన్ అంటే డాక్టర్లకీ, కాంట్రాక్టర్లకీ మాత్రమే. కానీ అది సీడీఎంఏ, సెట్టూ నెట్‌వర్కూ ఒకటే ముద్ద, మనకి నచ్చిన సిమ్ తెచ్చి వేసుకునే వీల్లేదు. టాటా ఇండికామ్ సెట్లూ అంతే. తర్వాత ఆ నెట్‌వర్క్‌లు ఆగిపోయాక ఆ సెట్లు బీరువాల్లో పడుకున్నాయి. మా షాపుకి తెచ్చి, అన్నా దీన్ని బాగుచేయి అనేవాళ్లు. బాగుచేయడానికి అందులో ఏమీ పాడవలేదు, అది మాట్లాడాల్సిన టవరే లేదు. ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టంగా ఉండేది.

రెండేళ్ల కాంట్రాక్ట్ పద్ధతి మాత్రం ఇక్కడ నిలవలేదు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ప్రీపెయిడ్. మనిషి రీచార్జి మానేసి ఇంకో సిమ్ కొనుక్కుంటే కంపెనీ ఎవర్ని పట్టుకుంటుంది? అందుకే 2008 ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐఫోన్ 3జీ తెచ్చినప్పుడు అమెరికాలో కాంట్రాక్ట్ మీద 199 డాలర్లకి, అంటే అప్పటి లెక్కలో తొమ్మిది వేల లోపుకి దొరికే ఫోన్ ఇక్కడ 31,000 చెప్పారు. మనవాళ్లు దాన్ని దూరం నుంచి చూసి నోకియా 1100 కొనుక్కున్నారు. టార్చి లైటు, దుమ్ము దూరని కీప్యాడ్, రోజుల తరబడి నిలిచే చార్జింగు, వరి చేలో పని చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? డబ్బు పూర్తిగా కట్టింది మనమే. నోకియా మనల్నే చూసి ఆ ఫోన్ చేసింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఫోన్ కంపెనీ ఎవరి చేతి నుంచి డబ్బు తీసుకుంటే వాళ్లకి కావాల్సిన ఫోనే చేస్తుంది. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీలు కొనేవి, వాళ్లకి రెండో సిమ్ పెట్టే చోటు ఎందుకు? పోటీ కంపెనీ సిమ్ పెట్టుకోవడానికి తామే చోటివ్వరు కదా. మన దగ్గర కొనేది మనం. ఒక కంపెనీకి ఇంటి దగ్గర సిగ్నల్, ఇంకో కంపెనీకి పొలం దగ్గర సిగ్నల్, ఒకదాంట్లో కాల్ రేటు తక్కువ, ఇంకోదాంట్లో రాత్రిపూట ఫ్రీ. జనం రెండు సిమ్ములు చేతిలో పట్టుకుని మార్చి మార్చి వేసుకునేవాళ్లు. దీన్ని ముందు పసిగట్టింది మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా లాంటి వాళ్లు, చైనాలో చేయించి తెచ్చి డ్యూయల్ సిమ్ ఫోన్లు తక్కువ ధరకి గుమ్మరించారు. నోకియా ఈ విషయంలో ఆలస్యం చేసింది, దానికి మూల్యం కూడా చెల్లించింది. నా షాపులో నోకియా తప్ప ఇంకోటి వద్దనే పెద్దమనుషులు కూడా ఆ రెండో సిమ్ కోసమే బ్రాండ్ మార్చడం నేను చూశాను. మీ జేబులో ఉండే ఆ రెండు సిమ్ముల చోటు ఎవరో దానం చేసింది కాదు. ఫోన్ ధర మనమే పూర్తిగా కడుతూ వచ్చాం కాబట్టి మనకి దక్కిన హక్కు అది. 1,800 రూపాయలకి మీరు అమ్మబోతున్నది దాన్నే.

తర్వాత 2016 సెప్టెంబర్లో జియో వచ్చింది. దానికి 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదే వెళ్లాలి, దాన్నే వోల్టీ అంటారు. అప్పటికి జనం చేతుల్లో ఉన్న చాలా ఫోన్లకి అది తెలీదు. సిమ్ ఫ్రీగా దొరికింది, పలికే ఫోన్ లేదు. అందుకని జియో, లైఫ్ అనే పేరుతో సొంత ఫోన్లు అమ్మించింది, 2017లో 1,500 డిపాజిట్ మీద జియోఫోన్ ప్రకటించింది, అందులో జియో సిమ్ తప్ప పనిచేయదు. అదే ఏడాది ఎయిర్‌టెల్ కార్బన్‌తో కలిసి, ముందు 2,899 కట్టండి, మూడేళ్లు రీచార్జి చేస్తే 1,500 వెనక్కి ఇస్తాం అని పోటీకి దిగింది. ఈ మధ్య, 2023 జూలైలో పోకో సి51ని ఎయిర్‌టెల్ లాక్‌తో 5,999కి అమ్మారు, 18 నెలల షరతు మీద. మీకు నరసాపురంలో చూపించిన ఆఫర్ ఈ కుటుంబానిదే. కాంట్రాక్ట్ కాగితం మీద పట్టుకోలేని మనిషిని ఫోన్ లోపలి లాక్‌తో పట్టుకోవడం.

ఇవన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కీప్యాడ్ జియోఫోన్ వచ్చాకే మస్కట్‌లో, కువైట్‌లో పనికి వెళ్లిన కూతుళ్లు పంపిన వీడియోలో వాళ్ల ముఖం చూసుకున్న తల్లులు మా మండలంలో ఎంతమందో. ఆ ఆనందం నేను షాపులో నిలబడి చూశాను. టవర్ పక్కనే ఇల్లు, నెలకో రీచార్జి ఎలాగూ చేస్తారు, ఫోన్ ఇల్లు దాటదు అనుకుంటే లాక్ ఫోన్ మంచి బేరమే. బేరం మంచిదా చెడ్డదా అన్నది మీరు ఎక్కడ నిలబడి మాట్లాడతారన్న దాని మీద ఉంటుంది.

ఒకటి నా ఇంట్లో జరిగింది చెబుతాను. 2022 జూలైలో గోదావరి వచ్చిన సంగతి మీకు తెలుసు, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మా అమ్మ పి.గన్నవరం దగ్గర లంకలో ఉంది. ఆవిడ చేతిలో ఉన్నది ఒక కంపెనీ లాక్ ఫోన్, తక్కువకి వస్తోందని నేనే కొనిచ్చాను, నా షాపులోదే. నీళ్లు చుట్టుముట్టాక ఆ కంపెనీ టవర్ ఆగిపోయింది. వరదలో టవర్ ఆగడం ఎవరి తప్పూ కాదు, ఆ మాట నేను అనను. కానీ వేరే కంపెనీ టవర్ ఒకటి ఇంకా పలుకుతోంది, ఆ కంపెనీ సిమ్ కూడా అమ్మ దగ్గర బియ్యం డబ్బాలో చిన్న కవర్లో ఉంది, రీచార్జి కూడా ఉంది. తీసి వేసుకుంటే ఫోన్ ఒప్పుకోలేదు. రాత్రంతా నేను రాజోలులో కూర్చుని ఫోన్ కొడుతూనే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం పక్కింటాయన పడవలో బయటికొచ్చి తన ఫోన్ నుంచి చేస్తే గానీ అమ్మ మేడ ఉన్న ఇంట్లో క్షేమంగా ఉందని తెలియలేదు. ఆ రాత్రి తర్వాత, లంకల్లో ఉండేవాళ్లకీ చెరువుల మీద పడుకునేవాళ్లకీ లాక్ ఫోన్ అమ్మకూడదని తీర్మానించుకున్నాను. షాపు వదిలేసేదాకా అమ్మలేదు.

సరే, మీరు ఏం చేయాలి? ఫోన్ గురించి ఆలోచించకముందు చెరువు దగ్గర ఏ సిగ్నల్ ఉందో చూడండి. ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఆదేశం మీద కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజి మ్యాపులు పెట్టాయి, అవి ఒకసారి చూడండి గానీ వాటినే నమ్ముకోకండి, మ్యాపులో కొబ్బరి తోట కనిపించదు. మన డెల్టా నేల చదును, చెరువుల మీద నుంచి సిగ్నల్ చాలా దూరం వస్తుంది, మధ్యలో దట్టమైన కొబ్బరి తోటో, సరుగుడు తోటో పడిందంటే చప్పబడిపోతుంది. 700, 850, 900 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నళ్లు చెట్లనీ గోడలనీ కాస్త బాగా దాటుతాయి, పై ఫ్రీక్వెన్సీలవి తొందరగా పడిపోతాయి. అందుకే ఒకే కంపెనీ సిగ్నల్ గట్టు ఈ చివర నాలుగు గీతలుండి ఆ చివర ఒక్కటవుతుంది. మీ కాపలా మనిషి, మేత వ్యాను డ్రైవరు, రొయ్యల పట్టుబడికి వచ్చే ఐస్ లారీ వాళ్లు ఏ సిమ్ వాడుతున్నారో అడగండి, అన్ని గట్ల మీదా తిరిగేది వాళ్లే. ఇద్దరు ముగ్గురి ఫోన్లు అడిగి తీసుకుని షెడ్డులో నుంచీ, మోటారు దగ్గర నుంచీ, దూరపు గట్టు మీద నుంచీ కాల్ చేసి చూడండి. స్పీడ్ టెస్ట్ కాదు, కాల్. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వీలైతే కరెంటు పోయిన గంట తర్వాత ఇంకోసారి, ఎందుకంటే కొన్ని టవర్లకి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, మీకు ఫోన్ కావాల్సింది కూడా సరిగ్గా అప్పుడే.

అలా తేలిన కంపెనీ సిమ్ మొదటి చోట, ఇంటి దగ్గర బాగా పలికేది రెండో చోట. మామూలు 9,800 ఫోన్ కొనండి, లేదా అంత వద్దనుకుంటే దాని కింద రకం ఏడెనిమిది వేలది లాక్ లేకుండా తీసుకోండి, కెమెరా కాస్త తగ్గితే తగ్గింది. రెండు సిమ్ములకి రెండు రీచార్జీలు దండగ కదా అనుకోవచ్చు. 2024 డిసెంబర్లో ట్రాయ్ డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకి మాత్రమే ప్లాన్లు పెట్టాలని ఆదేశించింది, 2025 నుంచి కంపెనీలు అమ్ముతున్నాయి, మూడు నెలలకీ, ఏడాదికీ దొరుకుతాయి. షాపువాడు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి. చెరువు సిమ్‌కి అది చాలు. పాత నంబరు పోకుండా కంపెనీ మారాలంటే పోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు కొట్టి 1900కి ఎస్ఎంఎస్ పంపండి, కోడ్ వస్తుంది, అది నాలుగు రోజులే చెల్లుతుంది, ఈలోపు ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకి వెళ్లాలి. సిమ్ తీసుకుని 90 రోజులైనా దాటి ఉండాలి. మీ సిమ్ ఫోన్‌తో పాటు నీళ్లలో పోయి డూప్లికేట్ తీసుకుని ఉంటే పోర్ట్‌కి ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది, 2024 జూలై నుంచి ఆ నిబంధన ఉంది, మోసగాళ్లు నంబర్లు కొట్టేయకుండా పెట్టారు.

ఇన్ని చెప్పినా మీకు ఆ ఆఫర్ మీదే మనసుంటే, ఆ గట్టు మీద ఆ నెట్‌వర్కే బాగుందని తేలితే, కొనేముందు రెండు విషయాలు షాపులోనే తేల్చుకోండి. లాక్ రెండు సిమ్ చోట్లకీ ఉందా, ఒకదానికేనా? మీ రెండు సిమ్ములూ పట్టుకెళ్లి అక్కడే వేయించి చూడండి. 18 నెలలు అయ్యాక లాక్ దానంతటదే పోతుందా, ఎవరి చుట్టూనైనా తిరగాలా? ఇంకోటి, ఈఎంఐ మీద కొంటే ఫైనాన్స్ వాళ్లు పెట్టే లాక్ వేరు, అది వాయిదా కట్టకపోతే ఫోన్ మొత్తాన్ని ఆపేస్తుంది. సిమ్ లాక్, వాయిదా లాక్ రెండూ ఒకే ఫోన్ మీద పడనివ్వకండి. కౌంటర్ దగ్గర కంపెనీ టీషర్ట్ వేసుకుని నిలబడే కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు, కానీ అతని జీతమో కమిషనో ఆ కంపెనీ నుంచి వస్తుంది. వివో, ఒప్పో, రియల్‌మీ బోర్డులు వేర్వేరుగా కనిపించినా అన్నీ ఒకే చెట్టు కొమ్మలు, రెడ్‌మీ, పోకో రెండూ షావోమీవే. అందుకని అక్కడ జరిగే పోటీ అంతా మీకు లాభం అనుకోకుండా మీకేం కావాలో రాసుకున్న కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.

మీ బావగారి ఐఫోన్ సంగతి. ఆయన అక్కడ వాయిదాల మీద తీసుకుని ఉంటే చాలా కంపెనీలు మొత్తం కట్టేశాకే లాక్ తీస్తాయి, అది ఆయన అక్కడ ఉండగానే అడిగి తీయించాలి, ఇక్కడికొచ్చాక నరసాపురంలో ఎవరో తీస్తామంటే డబ్బు పెట్టకండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అన్న చోట సిమ్ ఆంక్షలు లేవని ఇంగ్లీషులో కనిపించాలి. కనిపిస్తే సరే. కానీ అది 14 గానీ, ఆ తర్వాతది గానీ అయితే అమెరికాలో అమ్మిన వాటికి సిమ్ పెట్టే ట్రే అసలు ఉండదు, ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఈ-సిమ్ ఇస్తాయి, కాబట్టి పలుకుతుంది. నా భయమల్లా ఒక్కటే. మళ్లీ ఫోన్ నీళ్లలో పడిందనుకోండి, మామూలు సిమ్ అయితే తీసి తుడిచి కాపలా మనిషి కీప్యాడ్ ఫోన్లో వేసి కాల్ చేయొచ్చు. ఈ-సిమ్ ఫోన్‌తోనే పోతుంది, మళ్లీ తెచ్చుకునేదాకా మీరు ఎవరికీ దొరకరు. కాబట్టి ఆ ఐఫోన్ ప్రేమగా తీసుకుని అమ్మాయికి ఇవ్వండి, భీమవరంలో దానికి సిగ్నల్ బాధ లేదు. 5జీ ఐఫోన్ అయితే ఆమె అడిగింది కూడా వచ్చేసినట్టే, కొత్త ఫోన్ ఖర్చు మిగులుతుంది.

లాక్ తీయించడం కుదరక ఆమెకి వేరేది కొనాల్సి వస్తే పెట్టె మీద 5జీ అన్న అక్షరాలు చూసి ఆగిపోకండి, లోపల ఏ బ్యాండ్లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూడండి, ఎన్28, ఎన్78 రెండూ ఉండాలి. జియో 700 మెగాహెర్ట్జ్ 5జీ నడిచేది ఎన్28 మీదే. 2022 అక్టోబర్లో దేశంలో 5జీ మొదలైనప్పుడు చాలా ఖరీదైన ఐఫోన్లకి కూడా డిసెంబర్లో యాపిల్ అప్‌డేట్ ఇచ్చేదాకా 5జీ రాలేదు, టవర్లున్నా, ఫోన్లో ఆ సత్తా ఉన్నా, ఫోన్ కంపెనీ, నెట్‌వర్క్ కంపెనీ రెండూ పరీక్షలు పూర్తిచేసి తలుపు తీసేదాకా మనం బయట నిలబడాల్సిందే. ఇవాళ ఆ ఇబ్బంది లేదు గానీ, ఫోన్ మనదే అయినా దాని తాళంచెవి ఎక్కడుంటుందో అమ్మాయికి చెప్పండి, ఇంజినీరింగ్ చదువుతోంది కదా, ఇలాంటివి ఆమెకి మనకంటే బాగా అర్థమవుతాయి.

చివరగా ఒకటి, మీరు అడగలేదు గానీ నన్ను వదలడం లేదు. కరెంటు పోగానే మీ నంబరుకి కాల్ చేసే సిమ్ పెట్టె మోటారు దగ్గర పెట్టుకున్నారా? పెట్టుకుని ఉంటే అందులో ఏ సిమ్ ఉందో రేపు పొద్దున్నే మూత తీసి చూడండి. ఆ పెట్టెల్లో చాలావాటికి 2జీ తప్ప తెలీదు, జియో సిమ్ వేస్తే పలకవు, ఎయిర్‌టెలో, బీఎస్ఎన్ఎలో, వొడాఫోన్ ఐడియానో ఉండాలి. దానికి రీచార్జి ఎప్పుడు అయిపోతుందో గోడ మీద రాసిపెట్టుకోండి. పెట్టె లేకపోతే, ఆ ఆఫర్ గురించి నరసాపురం మళ్లీ వెళ్లేముందు దాని ధర కనుక్కోండి, ఈ పంటకి మీకు ఫోన్ కంటే ముందు కావాల్సింది అదే. సిగ్నల్ చూశాక ఏ గట్టు మీద ఏది పలికిందో నాకు రాయండి, మీ పక్క చెరువుల వాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు.